టమాటా వేళ్ళకు బుడిపెలు: వేపపిండి ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి?

పదిగుంటలు (ఫిబ్రవరి, ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. మాది హిందూపురం. పన్నెండేళ్ళుగా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. రెండేళ్ళ కిందట హోసకోట దాటాక మాలూరు రోడ్డులో పది గుంటలు కౌలుకు తీసుకున్నాను. ఎర్రనేల. పక్క రైతు బోరు నుంచి నీళ్ళు, డ్రిప్పు నేనే వేయించుకున్నాను. శని, ఆదివారాలు అక్కడే గడుపుతాను. మొదటి ఏడు టమాటా, వంకాయ మా ఇంటికి, మా అపార్ట్‌మెంటులో మరో 8 ఇళ్ళకు సరిపోయేంత వచ్చాయి.

ఈసారి టమాటా నాటిన నెలన్నరకే తేడా తెలిసింది. మడిలో ఒక మూల మొక్కలు ఎదగడం ఆగిపోయాయి. పొద్దున చక్కగా ఉంటాయి, మధ్యాహ్నం తలలు వాలుస్తాయి, సాయంత్రానికి మళ్ళీ లేస్తాయి. నీళ్ళు చాలడం లేదేమోనని డ్రిప్పు అరగంట పెంచాను. ఆకులు ఇంకా పాలిపోయాయి. నెల కిందట ఒక మొక్క పీకి చూస్తే గుండె జారింది. వేళ్ళన్నీ పసుపు కొమ్ముల్లా ఉబ్బిపోయి ఉన్నాయి, పీచు వేళ్ళు దాదాపు లేవు.

వేపపిండి (వేపగింజల నూనె తీశాక మిగిలే పిండి) మంచిదని విని 20 కిలోలు తెచ్చి మొక్కల మొదళ్ళ చుట్టూ చల్లాను. మూడు వారాలైంది, ఏ మార్పూ లేదు. పురుగుమందుల అంగట్లో అడిగితే విషపు గుళికలు వేయమన్నారు. మా అమ్మ, మా పాప ఆ మడిలో చెప్పుల్లేకుండా తిరుగుతారు, పచ్చి టమాటా అక్కడే తుడుచుకుని తింటారు. నాకు ఆ గుళికలు వద్దు. వేప, కానుగ, బంతి, ఆవాలు అని రకరకాలుగా చెబుతున్నారు. వీటిలో నిజంగా నేలలో పని చేసేవి ఏవి? నేను ఎక్కడ తప్పు చేశాను?

ఎర్రమన్ను

వేరుకుళ్ళులా ఉంది అన్నా. నీళ్ళు ఎక్కువైతే అలాగే వాలుతాయి. ట్రైకోడెర్మా (తెగుళ్ళను అణిచే మంచి శిలీంధ్రపు పొడి) నీళ్ళలో కలిపి పోయండి, డ్రిప్పు తగ్గించండి.

పదిగుంటలు

కుళ్ళు కాదనుకుంటున్నాను అన్నా. వేళ్ళు మెత్తబడలేదు, వాసన లేదు. గట్టిగా, ముడులు ముడులుగా ఉన్నాయి. గోరుతో గీకినా ముడి ఊడి రావడం లేదు.

హొంగెచెట్టు

నాయనా, అది వేరుబుడిపె నులిపురుగు. ఇక్కడ కన్నడంలో బేరు గంటు రోగ అంటారు. చిక్కుడు, అలసంద వేళ్ళకుండే బుడిపెలు వేరే. అవి మంచివి, వేలితో తోస్తే రాలిపోతాయి, చిదిమితే లోపల గులాబి రంగుంటాది. నీవి వేరులోనే ఉబ్బినవి, అందుకే రాలలేదు.

నాది చింతామణి పక్క పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. ముప్పై ఏళ్ళు టమాటా, వంకాయ, బీన్సు పండించినాము. ఇప్పుడు యలహంకలో కొడుకు దగ్గర ఉంటాను గానీ వారానికోసారి చేనికి పోకుండా ఉండలేను. నీ రాత చూసినప్పటి నుంచి నిద్ర పట్టలేదు, ఈ తప్పు నేనూ చేసిందే.

పెరిగిన మొక్క మొదట్లో పిండి చల్లితే ఈ పురుగు పోదు. ఒక బుడిపెను బ్లేడుతో నిలువునా చీల్చి, ఎండలో భూతద్దం పెట్టి చూడు. గుండుసూది తల కన్నా చిన్నగా, ముత్యం మాదిరి తెల్లగా, ఒక పక్క సన్నంగా, ఒక పక్క ఉబ్బుగా ఒకటి కనిపిస్తాది. అదే ఆడపురుగు. అది వేరు కండలో కూర్చుని అక్కడే తింటాది, కదలదు. దాని వెనక జిగట ముద్దలో వందల గుడ్లుంటాయి. వేడి కాలంలో నెల తిరిగేసరికి ఒక తరం. నువ్వు చూసేటప్పటికే ఒక తరం అయిపోయింది. వేపపిండి చేదు ఆ బుడిపె లోపలికి పోదు. అది పని చేసేది గుడ్డు పగిలి, మట్టి తేమలో వేరును వెతుక్కుంటా పోయే పిల్లపురుగు మీద. కాబట్టి పిండి వేసేది మొక్కకు కాదు, మొక్క రాకముందు నేలకు.

ఇంకో సంగతి. నువ్వు పైన చల్లినావు. పైన ఉంటే ఎండకు చేదు చచ్చిపోతాది, చీమలు మోసుకుపోతాయి. నాలుగైదు అంగుళాల లోపల మట్టిలో కలవాల, ఆ మట్టి తడిగా ఉండాల. పిండి కుళ్ళాలనే మనం వేసేది. అది కుళ్ళేటప్పుడు వచ్చే ఘాటుకే సగం పురుగు అణగతాది. పొడి నేలలో వేస్తే మూటలో ఉన్నట్టే.

కుళ్ళనీకుండా మొక్క పెట్టినా ముప్పే. నేను మొదటి ఏడు దున్నిన మూడో నాడే పిండి పోసి, అదే సాయంత్రం వంగనారు పెట్టినాను. నాలుగో పొద్దుకు నారు మొదళ్ళ చుట్టూ తెల్ల బూజు, కింద ఆకులు మాడిపోయినాయి. చెయ్యి మట్టిలో పెడితే వెచ్చగా తగిలింది. 600 మొక్కల్లో సగం పోయినాయి. అప్పటి నుంచి పిండి వేసి, తడిపి, కనీసం రెండు వారాలు ఆగి నాటతాను. చలికాలమైతే మూడు వారాలు.

ఎంత అంటే, ఎకరాకు 200 నుంచి 250 కిలోలు. నీ పది గుంటలు పావు ఎకరా, అంటే 60 కిలోలు. నువ్వు వేసింది 20. చేనంతా చల్లకుండా నాటే సాళ్ళలో మాత్రమే కలిపితే అదే పిండి రెట్టింపు బలంగా పడతాది, నేనైతే అట్లే చేస్తాను. దాంట్లో కొంత ఇట్లా మాగబెట్టు: బాగా మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు. నీడలో కుప్ప వేసి, పిడికిట్లో పిసికితే ముద్ద కట్టేంత తడి చేసి, గోనెసంచి కప్పు. వారం, పది రోజులకు కుప్పంతా పచ్చగా, తెల్లగా బూజు పట్టి, వాన పడిన మట్టి వాసన వస్తాది. ఆ బూజు మంచిది. నులిపురుగు వేరుకు చేసిన గాయం గుండానే ఎండుతెగులు లోపలికి దూరతాది, ట్రైకోడెర్మా ఆ తెగులుకు అడ్డం నిలుస్తాది. ఈ ఎరువు సాళ్ళలో వేసి నాటితే మొదటి నలభై రోజులు వేరు తప్పించుకుంటాది. ఆ నలభై రోజులు చాల. పెద్ద వేరు మీద బుడిపె వచ్చినా మొక్క కాపు కాస్తాది, చిన్నప్పుడు పట్టిందంటే లేవదు.

కొనేటప్పుడు మోసపోవద్దు. మూట విప్పి ఒక చిటికె నాలిక మీద వేసుకో. కళ్ళు మూసుకునేంత చేదుండాల. అరచేతిలో నలిపితే కొంచెం నూనె జిడ్డు తగలాల. గ్లాసు నీళ్ళలో పిడికెడు వేసి కలిపి పది నిమిషాలు పెట్టు, అడుగున ఇసుక పేరుకుంటే ఆ అంగడికి మళ్ళీ పోవద్దు. నాకు ఒకాయన ఒకసారి రంపపు పొట్టు కలిపి అమ్మినాడు. చూసేదానికి అదే రంగు, నోట్లో వేసుకుంటే చప్పగా ఉంది.

కానుగ పిండి (ఇక్కడ హొంగె హిండి అంటారు) కూడా పనికొస్తాది. బెంగళూరు చుట్టూ వేప కన్నా హొంగే ఎక్కువ, గట్టుగట్టుకూ ఉంటాది. మా మామగారి కాలంలో వరిమడిలో హొంగె కొమ్మలు తొక్కించేవాళ్ళు. నేను రెండు పాళ్ళు వేప, ఒక పాలు కానుగ కలుపుతాను. ఇప్ప పిండి మాత్రం నీ మడిలో వద్దు. చెరువులో చేపల్ని చంపేదానికి వాడేది అది. వానపాములు కూడా పైకి వచ్చి చస్తాయి.

గుళికల సంగతి నువ్వు చెప్పినావు కాబట్టి చెబుతాను. మా ఆయన అరటికి ఫోరేటు గుళికలు చేత్తోనే వేసేవాడు, మేమంతా అట్లే. ఒక రాత్రి వాంతులు, చెమటలు, చూపు మసక. ఆస్పత్రిలో నాలుగు దినాలు పెట్టుకున్నారు. ఆయన బతికి వచ్చినాడు గానీ ఆ వాసన తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పతాది. 2020 డిసెంబరుతో దాన్ని సర్కారే పూర్తిగా ఆపించింది. ఎవరైనా పాత సరుకని ఇస్తే ముట్టుకోవద్దు నాయనా. పాప తిరిగే మడి అంటున్నావు.

నారు ఎక్కడ తెచ్చినావో చెప్పు. బంతి గురించి రేపు రాస్తాను.

పదిగుంటలు

అమ్మా, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నారు రోడ్డు పక్క నర్సరీలో కొన్నాను. ట్రేలలో కాదు, నేల మీద మడి పోసి పెంచినది. మీరు అడిగాక గుర్తొచ్చింది, నాటేటప్పుడే కొన్ని వేళ్ళకు ఆవగింజంత గుళ్ళు ఉన్నాయి. మట్టి అంటుకుందనుకున్నాను.

హొంగెచెట్టు

అదే నాయనా. పురుగును నువ్వే చేతులారా తెచ్చి నాటినావు. దీనికి నడిచే శక్తి లేదు, ఏడాదంతా కలిపి మీటరు దూరం కూడా పోలేదు. నారుతో, పారతో, టిల్లరు పళ్ళకు అంటిన మట్టితో, పారిన నీళ్ళతో మనమే మోస్తాము. ఇంక నారు ప్రోట్రేలలో (గుంతలుండే ప్లాస్టిక్ ట్రేలు) కొబ్బరిపొట్టులో పెంచింది తీసుకో, లేకుంటే నువ్వే పోసుకో. ఆ పొట్టులో కూడా వేపపిండి కలిపి తడిపి రెండు వారాలు ఉంచి విత్తు.

బంతి. ఇది నిజమే, కానీ జనం చేసే తీరు తప్పు. టమాటా మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి బంతి పెడితే పురుగు బంతిని వదిలి టమాటాకు పోతాది. నేలంతా బంతే ఉండాల. అడుగుకొకటి చొప్పున దట్టంగా, రెండున్నర, మూడు నెలలు. ఆ మడిలో ఒక్క కలుపు మొక్క కూడా ఉండకూడదు, కలుపు వేరులో పురుగు దాక్కుని బతుకుతాది. మే చివర్లో నాటితే వరమహాలక్ష్మి వ్రతానికి పూలు వస్తాయి. ఆ వారం కె.ఆర్. మార్కెట్టులో చెండుహూవుకు (బంతిపూలకు) ఉండే ధర నీకు తెలుసు కదా. కౌలు డబ్బు అక్కడే వస్తాది. పూలు కోశాక మొక్కలు బయట పారేయవద్దు, ముక్కలు చేసి అక్కడే దున్ను.

ఇప్పుడు మార్చి వస్తా ఉంది. ఉన్న టమాటాను వేళ్ళతో సహా పీకి కాల్చు, కంపోస్టులో వేయవద్దు. రెండు వారాలకొకసారి లోతుగా దున్ని ఎండనీ. తర్వాత బంతి, తర్వాత పిండి, అక్టోబరులో టమాటా. రెండు సాళ్ళు మాత్రం ఏమీ వేయకుండా వదిలిపెట్టు. పోల్చి చూసుకోకపోతే పిండి పని చేసిందో, ఆ ఏడు వానలు పని చేసినాయో నీకు తెలియదు.

గంగేనహళ్ళి విద్యార్థి

అమ్మ చెప్పినదానికి చిన్న చేర్పు. నేను జీకేవీకేలో (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం) ఎమ్మెస్సీ చదువుతున్నాను, నెమటాలజీ (నులిపురుగుల శాస్త్రం) నా సబ్జెక్టు కాదు గానీ ల్యాబులో రోజూ చూస్తుంటాను.

బంతి వేళ్ళలో ఆల్ఫా టెర్థియనైల్ అనే పదార్థం ఉంటుంది, నులిపురుగులకు అది విషం. అయితే అన్ని బంతి రకాలూ, అన్ని నులిపురుగు జాతులూ ఒకేలా ఉండవు. ఆవాల సంగతి వేరు. మొక్కను పూత దశలో ముక్కలుగా నలగ్గొట్టి, గంటలోపే మట్టిలో కలిపి తడిపితే ఐసోథయోసయనేట్లు అనే ఘాటైన ఆవిర్లు పుడతాయి. మనం ఆవాలు నూరేటప్పుడు ముక్కుకు ఎక్కేది అదే. పైన ప్లాస్టిక్ షీటు కప్పితే ఆవిరి నిలుస్తుంది. రెండు, మూడు వారాలాగి నాటాలి. ఎండిన ఆవమొక్కలు దున్నితే ఏమీ రాదు. ఆవ మొక్క బతికున్నంతకాలం దాని వేళ్ళలో కూడా నులిపురుగు పెరగగలదు, కాబట్టి ఎక్కువ రోజులు ఉంచొద్దు.

వంకాయకు ఇంకో దారి ఉంది. ఉస్తికాయ మొక్కకు ఈ పురుగు సరిగా పట్టదు, దాని మొదలు మీద వంకాయ అంటు కడతారు. టమాటాలో నులిపురుగును తట్టుకునే రకాలు ఉన్నాయి గానీ నేల వేడి 28 డిగ్రీలు దాటితే వాటి శక్తి తగ్గిపోతుంది. వేపపిండికి మేలు చేసే శిలీంధ్రాలను పట్టించి వాడే పద్ధతి మీద హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థలో చాలా పని జరిగింది. అక్కడికి వెళ్ళి అడిగితే వివరంగా చెబుతారు.

మారతహళ్ళి మేడతోట

మేడ మీద పెంచేవాళ్ళ కోసం ఒక హెచ్చరిక. వేపపిండితో పాటు ఆముదం పిండి కూడా నేల పురుగులకు మంచిదని చాలామంది కలుపుతారు. ఇంట్లో కుక్క ఉంటే దయచేసి వద్దు. అందులో రైసిన్ అనే విషం మిగిలే ఉంటుంది, వాసన మాత్రం కుక్కలకు తినే వస్తువులా అనిపిస్తుంది. మా చెల్లెలు ఒక అంగట్లో "సేంద్రియ మిశ్రమం" అని కొన్న ఎరువులో అది ఉంది, సంచి మీద రాయలేదు. వాళ్ళ లాబ్రడార్ గులాబి కుండీ తవ్వి తిన్నది. ఆ రాత్రి రక్తపు వాంతులు, రెండు రోజులు సెలైను. బతికింది. మా చెల్లెలు ఆ కుండీని ఇప్పటికీ చూడలేదు, మూలకు తిప్పి పెట్టింది.

నేను 12 అంగుళాల గ్రో బ్యాగుకు ఒక పిడికెడు వేపపిండి మట్టిలో కలిపి, తడిపి, పదిహేను రోజులు ఆగి నాటుతాను. అంతకన్నా ఎక్కువ వేసిన సంచుల్లో పాలకూర మొలకే రాలేదు. బుడిపెలు వచ్చిన సంచి మట్టిని మాత్రం నల్ల కవరులో కట్టకుండా, పలచటి పారదర్శక కవరులో తడిపి మూసి ఏప్రిల్, మే ఎండలో నాలుగైదు వారాలు పెడతాను. పారదర్శకమైతేనే ఎండ లోపలికి పోయి మట్టి కాగుతుంది.

ఎర్రమన్ను

నేను తొందరపడి చెప్పాను, క్షమించండి. అమ్మా, మా కొబ్బరి మొక్కల వేళ్ళు తెల్లటి లావు పురుగు కొరికేస్తోంది. కొక్కెంలా వంగి పడుకుంటుంది. దానికీ వేపపిండేనా?

హొంగెచెట్టు

అది వేరుపురుగు. దానికి వేపపిండి ఒక్కటే చాలదు. చిన్న పిల్లపురుగు మీద కొంచెం పని చేస్తాది, బొటనవేలంత అయినాక లెక్క చేయదు. దాని తల్లి పెంకుపురుగు వేపాకు తిని బతికేది. తొలకరి వాన పడిన సాయంత్రం, చీకటి పడతానే భూమిలో నుంచి లేచి వేపచెట్టు, రేగుచెట్టు, మునగచెట్టు మీద వాలతాది. ఆ రాత్రుల్లో కొమ్మలు దులిపి, కింద పట్ట పరిచి ఏరి కిరసనాయిలు నీళ్ళలో వేయాల. రెండు, మూడు వానలకు ఊరంతా కలిసి చేస్తే ఆ ఏడు పురుగు సగానికి తగ్గతాది. మెటారైజియం అనే శిలీంధ్రపు పొడి మాగిన ఎరువులో కలిపి మొదళ్ళలో వేస్తే పురుగు మీద పచ్చటి బూజు పట్టి చస్తాది. మాగని పేడ మాత్రం చేనికి తోలవద్దు.

పదిగుంటలు (మరుసటి జనవరి)

అమ్మా, పదకొండు నెలల తర్వాత రాస్తున్నాను. మీరు చెప్పినట్టే చేశాను. మార్చి, ఏప్రిల్లో మూడుసార్లు దున్నించాను, మే చివర్లో బంతి పెట్టాను. కలుపు తీయడమే కష్టమైంది, ప్రతి శనివారం మా అమ్మ నాతో కూర్చుని తీసింది. వ్రతానికి ముందు మూడు కోతలు కోశాం. కౌలు డబ్బు వచ్చింది. సెప్టెంబరులో బంతిని ముక్కలు చేసి దున్ని, 60 కిలోల పిండి సాళ్ళలో కలిపి, మూడు వారాలాగి ప్రోట్రే నారు నాటాను.

నిన్న లెక్కపెట్టాను. పిండి, బంతి ఉన్న సాళ్ళలో 10 మొక్కలు, వదిలేసిన రెండు సాళ్ళలో 10 మొక్కలు పీకి, వేళ్ళు బకెట్లో కడిగి వరసగా పరిచాం. వదిలేసిన వాటిలో పదికి పదీ బుడిపెలే, ఆరు పోయిన ఏడాది లాగానే ఉబ్బిపోయాయి. బాగు చేసిన వాటిలో నాలుగింటికి ఒక్క బుడిపె కూడా లేదు, ఐదింటికి చివరి పీచు వేళ్ళ మీద మెంతిగింజంతవి అక్కడక్కడ ఉన్నాయి. ఒకదానికి మాత్రం బాగా పట్టింది. అది కాలువ పక్కన ఉన్న చివరి మొక్క. పక్క మడి నీళ్ళు అక్కడికి పారతాయి.

కాపు వారానికి 40 కిలోల దాకా వస్తోంది. ఈసారి కూడా పిండి వేయాలా, ఒక ఏడాది వదిలేయవచ్చా?

హొంగెచెట్టు

చాలా సంతోషం నాయనా. మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు, ఆ కలుపు తీసినందుకే పని జరిగింది.

వదిలేయవద్దు. పురుగు తగ్గింది గానీ పోలేదు, ఆ నాలుగు మొక్కల కింది మట్టిలో కూడా ఉంటాది. పంటకు పంటకు పిండి వెయ్యి, 40 కిలోలకు తగ్గించుకోవచ్చు. టమాటా వెనక వంకాయ, బెండ, దోస పెట్టవద్దు, అన్నింటికీ అదే పురుగు. ఒక పైరు జనుము చల్లి పూతకు ముందు దున్ను.

కాలువ పక్క నుంచి అడుగు వెడల్పు గట్టు ఎత్తు చేయి, పక్క మడి నీళ్ళు నీ సాలులోకి రాకుండా. టిల్లరువాడు వచ్చినప్పుడు పళ్ళు నీళ్ళతో కడిగిన తర్వాతే లోపలికి రానియ్యి. ఏమనుకుంటాడో అని మొహమాటపడవద్దు. మా చేన్లో కూడా ఒక బకెట్టు, గట్టి చీపురు గేటు దగ్గరే పెట్టి ఉంటాయి.

పదిగుంటలు

ఈ శనివారమే గట్టు వేస్తాను అమ్మా. బకెట్టు ఇప్పుడే కారులో పెట్టాను.